లేపకుండా ఈ కాగితం అందుకున్నవారికి

రెండు నిమిషాలన్నాడు కమిటీ కుర్రాడు చక్రి, ఆ మాట అని అరగంటయింది. లోపల కమిటీ గదిలో ఎవరైనా కుర్చీ జరిపితే చాలు, గుడ్డ చుట్టి ఒళ్లో పెట్టుకున్న పుస్తకాన్ని కొంచెం దగ్గరికి లాక్కుంటున్నాను. దీన్ని ఎవరూ అడగలేదు. నా దగ్గర ఉందని కూడా ఎవరికీ తెలియదు. తెలుగు సంఘం కార్యదర్శిగా దిగిపోయిన రోజున బీరువా తాళాలు, రబ్బరు స్టాంపు, ఇంకు పాడ్ అన్నీ అప్పగించాను, తీర్మానాలూ హాజరూ రాసే ఈ ఒక్క మినిట్స్ పుస్తకం మాత్రం ఇంటికి వచ్చేసింది, పొరపాటున వచ్చిందని మా ఆవిడతో చెప్పాను, పొరపాటున వచ్చిన పుస్తకాన్ని ఎవరూ పాత దుప్పటి ముక్కలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టరు, ఆ సంగతి ఆవిడకీ తెలిసే ఉంటుంది, అడగలేదు. ఇవాళ పొద్దున ఎందుకు తీశానో చెప్పలేను. వదిన ఆటోలో కూర్చుని కేకేస్తుంటే, చెప్పులు వేసుకుంటున్నవాణ్ని వెనక్కి వెళ్లి తీశాను. నా చెయ్యి తీసింది అనాలి.

వదినంటే అప్పలనరసమ్మ వదిన, మా యర్రయ్యన్న భార్య. రక్తసంబంధమేమీ లేదు. డెబ్భై మూడులో శ్రీకాకుళం నుంచి ఒక రేకుపెట్టెతో దిగి, ఇక్కడి ఉక్కు ప్లాంటులో ఉద్యోగం దొరికేదాకా, దొరికాక క్వార్టర్ వచ్చేదాకా, క్యాంప్ 1లో వాళ్ల ముందుగదిలో నాలుగేళ్లు పడుకున్నాను, ఆ సంబంధం. రిటైరై క్వార్టర్ ఖాళీ చేశాక మళ్లీ ఆ వీధిలోకే చేరాను. అన్న పోయి తొమ్మిదేళ్లు. వదినకి ఎనభై రెండు. ఇప్పుడు ఈ సెక్టర్ 7 సంఘం హాలు వరండాలో, బెంచీ మీద నా పక్కన, కాళ్లు నేలకి అందక, జారిపోతున్న చెప్పుల్ని కాలివేళ్లతో పట్టుకుని కూర్చుంది. చేతికర్ర మోకాళ్ల మధ్య. కాగితం రొంటిన దోపుకుంది. దారిపొడుగునా ఒకటే మాట, "నువ్వున్నావు గదా బావూ, నువ్వు సెప్తే ఇంటారు." నేను ఊఁ కొడుతూ వచ్చాను. ఊఁ కొట్టడం నాకు చాలా కాలంగా అలవాటు.

పది రోజుల కిందట ఆ కాగితం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది, సంఘం నుంచి ఏదో వచ్చింది చదువు అంది. మంచి కాగితం, పైన రంగుల బొమ్మ, సంఘానికి అరవై ఏళ్లని బంగారు అక్షరాలు. కింద, 'కీర్తిశేషులు యర్రయ్య గారి డిపెండెంట్‌కు. మీ కేటగిరీ నవీకరణ నిమిత్తం జతపరచిన ఫారం పూర్తిచేసి సమర్పించవలెను. గడువులోగా సమర్పించనిచో మీ పేరు జాబితా నుండి తొలగించబడును.' నేను మొదటి లైను దాటేసి, అప్పలనరసమ్మ గారికి అని చదివాను. ఎందుకలా చదివానో అప్పుడు ఆలోచించలేదు, ముసలావిడ మనసు నొచ్చుకుంటుందని అనుకున్నాను, మనం భయపడే ప్రతిచోటా అవతలివాళ్ల మనసు ఒకటి అడ్డం పెట్టుకుంటాం. ఆవిడ కాగితం మీదికి వంగి చూసి, వేలు పెట్టింది. "ఇక్కడ నా పేరు లేదు బావూ. నా పేరెలాగుంటాదో నాకు తెల్దా? నువ్వే గదా నేర్పేవు. సరిగ్గా సదువు." సరిగ్గా చదివాను. విని, వీధిలోకి చూసి, నవ్వింది. "నా పేరు పెట్టనేలేదు గదా, మరి లేని పేరు ఎలాగ తీసేత్తారు?"

నేను నేర్పిన మాట నిజమే. డెబ్భై ఆరు అనుకుంటాను, లేదా ఏడు, ఎండాకాలం మాత్రం ఖాయం, తడిపిన గోనెపట్టాలు కిటికీలకి కట్టి ఉండేవి, ఆ తడి గోనె వాసన ఇప్పుడు ఈ బెంచీ మీద కూడా వస్తోంది, ఎక్కడినుంచో. సంఘం నోటీసులు అప్పట్లో పోస్టులో వెళ్లేవి కావు. ఒక నోటుపుస్తకంలో రాసుకుని ఇంటింటికీ తిరిగి చూపించి, చదివి వినిపించి, పేరు ఎదురుగా సంతకం పెట్టించుకోవాలి. చిన్నవాణ్ని కాబట్టి ఆ తిరుగుడు నాది. క్యాంప్ 1లో ఒక పద్ధతి ఉండేది, ఎవరు మొదలుపెట్టారో తెలియదు, నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పడుకున్న మనిషి బూట్లు గుమ్మం బయట ముక్కు గోడవైపు తిప్పి పెట్టేవారు. అలా కనిపిస్తే కూరలమ్మే ఛత్తీస్‌గఢీ ఆవిడ ఆ నాలుగిళ్లూ దాటేదాకా కేక వెయ్యదు, పిల్లలు గోళీలు పట్టుకుని పక్కవీధికి పోతారు, నేను గొళ్లెం చప్పుడు చెయ్యకుండా నిలబడతాను. మనిషి లేచాక భార్య వచ్చి బూట్లు వీధివైపు తిప్పుతుంది, అప్పుడిక ఎవరైనా ఎంత గట్టిగానైనా పిలవొచ్చు. మధ్యాహ్నం మూడింటికి వీధిలో సగం బూట్లు గోడకేసి ముక్కులు పెట్టుకుని ఉండేవి. వాటి మధ్యనుంచి పుస్తకం పట్టుకుని నడవడం, పాదాలు ఎత్తి ఎత్తి వెయ్యడం, నా ఇరవై నాలుగో ఏడు అంటే నాకు అదే.

ఆ ఇళ్ల దగ్గర పుస్తకం అందుకునేది ఆడవాళ్లు. పెదవుల మీద వేలు పెట్టి బయటికొచ్చి, గుసగుసగా చదివించుకుని, వేలిముద్ర వేసి, ఆయన లేచాక చెప్పేవారు. అందరూ అలా చేసేవారు, ఎవరూ ఏమీ అనలేదు, ఒక్క వదిన తప్ప. ఒకరోజు పుస్తకం తన చేతిలోకి లాక్కుని, గుసగుసగానే, కానీ ఆ గుసగుస వీధి చివరిదాకా వినపడి ఉంటుంది, "ఏటిది బావూ, సభ్యులకు, సభ్యులకు అని సదువుతావు? సభ్యుడు లోపల గుర్రెడతన్నాడు. కాయితం అందుకున్నది నాను, ఇన్నది నాను, గుర్తెట్టుకుని సెప్పేది నాను. ఈ కాయితానికి నాను కనపళ్లేదేటి?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది, నవ్వితే యర్రయ్యన్న లేస్తాడని నోరు మూసుకున్నాను, మూసుకున్న నవ్వు కాస్సేపటికి ఇంకోలా మారింది. ఆ సాయంత్రం వాళ్ల ముందుగదిలో బోర్లా పడుకుని తరవాతి నోటీసు మొదటి లైను కొత్తగా రాశాను. 'డ్యూటీలో ఉన్నవారికీ, డ్యూటీ దిగి పడుకున్నవారికీ, వారిని లేపకుండా ఈ కాగితం అందుకున్నవారికీ నమస్కారాలు.' పెద్దవాళ్లు ఇదేం నోటీసురా అన్నారు, అన్నవాళ్లే రెండో నెలకి ఆ లైను ముందు చదవమనేవారు. ఎవరింటికెళ్లినా ఆడవాళ్లు మూడోమాట దగ్గర తలెత్తేవారు. అప్పుడే వదిన సంతకం నేర్పమంది. పలక మీద తన పేరు, ఏడక్షరాలు, ఇంత పొడుగు పేరు మా అయ్య ఎందుకెట్టేడో అని తిట్టుకుంటూ, నెల పట్టింది. పుస్తకంలో మొదటిసారి రాసినప్పుడు పేరు గడి దాటి పక్కవాళ్ల గడిలోకి పోయింది.

ఇరవై ఏళ్లు నడిచింది ఆ లైను. ఆ లైను రాసినవాణ్ని నేను అని ఎవరైనా గుర్తుచేస్తే ఇప్పటికీ ఒళ్లు కొంచెం వెచ్చబడుతుంది. ఆ వెచ్చదనాన్నే నమ్ముకుని వచ్చాను ఇవాళ, కుర్రాళ్లకి మాట తెలియదు, మనిషిని ఎలా పిలవాలో తెలియదు, నేను చెబుతాను అని. అంతవరకే ఆలోచించాలనుకున్నాను.

తలుపు తెరుచుకుంది. చక్రి, చేతిలో రెండు కాగితం కప్పుల టీ. వైర్ రాడ్ మిల్లులో నాతో పనిచేసిన నరసింగరావు మనవడు, పవర్‌హౌస్ దగ్గర మొబైల్ షాపు, మంచి కుర్రాడు, వదిన కాళ్లకి దణ్ణం పెట్టి మరీ కప్పు ఇచ్చాడు.

"సారీ అంకుల్, బస్ దో మినట్. లోపల టెంట్‌వాడితో లడాయీ నడుస్తోంది."

"నీ దో మినట్లో నానొక కునుకు తీసేను," అంది వదిన.

"అమ్మమ్మా, మీరు ఫారం మీద ఒక్క సైన్ పెట్టేయండి చాలు. ఆదివారం ఫంక్షన్‌లో ఫస్ట్ రో మీకే. ఇవాళే లాస్ట్ డేట్."

"మొదటి వరసలో ఏ పేరెట్టి కూకోబెడతావు?"

చక్రి నా వైపు చూశాడు, సాయం చెయ్యమన్నట్టు. "అంకుల్, ఆ వర్డ్ మేం పెట్టలేదు. నియమావళి టైప్ చేయించిన కాపీ ఉంది కదా, అందులో వహీ లిఖా హై, అదే రాసుంది. ఒరిజినల్ బుక్ దొరకట్లేదు. ఎవరు రాశారో, ఎందుకు రాశారో తెలిస్తే మార్చమని కమిటీలో పెట్టొచ్చు. మీ టైమ్‌లోదేనా?"

టీ వేడిగా ఉంది. ఊదుకున్నాను. పుస్తకం మీద కప్పు పెట్టుకుని, "చూడాలి" అన్నాను. అతను తల ఊపి లోపలికి వెళ్లిపోయాడు.

డిపెండెంట్. ఆ మాట నాకు ఎక్కడ దొరికిందో ఇంకొకరికి చెబితే నమ్మరు. ఎనభై అయిదులో అమ్మని ఊరినుంచి తీసుకొచ్చాను, నూకమ్మ అని మా అమ్మ, కంట్లో పొర, ఆసుపత్రిలో చూపించాలంటే ప్లాంటు మెడికల్ బుక్కులో పేరెక్కాలి. ఫొటో తీయించాను, జీవితంలో మొదటి ఫొటో, ఫొటోగ్రాఫరు కళ్లార్పొద్దంటే ఊపిరి కూడా ఆపేసింది. ఆఫీసులో గుమాస్తా ఫొటో అంటించి, స్టాంపు కొట్టి, డిపెండెంట్ అన్న గడిలో నూకమ్మ, తల్లి అని రాస్తుంటే, ఆ రోజు నా ఛాతీ ఎంత పొంగిందో. సైకిల్ మీద ఇంటికొస్తూ రెండుసార్లు ఆగి ఆ పేజీ చూసుకున్నాను. ఆ మాటకి నా వరకు అర్థం, మా అమ్మ నాది, దీనికి ప్రభుత్వం ముద్ర ఉంది, అంతే. ఇంటికొచ్చి చదివి వినిపించాను. అమ్మ ఒత్తులు చేసుకుంటోంది. "డిపెండెంటంటే ఏట్రా?" అంది. "నామీద ఆధారపడినవాళ్లని అర్థమమ్మా" అన్నాను, ఎంత సంతోషంగా అన్నానో. అమ్మ ఒత్తి తొడమీద దొర్లిస్తూ దొర్లిస్తూ ఆగి, "ఓలమ్మ, అలాగేటి? మరి నువ్వు పుట్టినప్పుడు నిన్ను నాను ఏ బుక్కులో రాసుకున్నానురా?" అంది. ఇద్దరం నవ్వాం. వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని నవ్వాను, మా అమ్మ ఎంత చమత్కారంగా మాట్లాడుతుందో చూడండి అని. ఆ మాట అడిగి ఆవిడ మళ్లీ ఒత్తుల్లో పడిపోయింది, జవాబు కోసం కాస్సేపు చూసిందా, ఇప్పుడు ఆ ముఖం గుర్తుచేసుకుంటే ఫొటోలోని ముఖమే వస్తోంది, ఊపిరి బిగబట్టిన ముఖం, ఒత్తులు చేసుకుంటున్న ముఖం రావట్లేదు.

అందుకని తొంభై నాలుగులో, మా పక్కింటి లక్ష్మీప్రసాద్ జబ్బుచేసి పోయాక, అతని భార్య పేరు జాబితాలో ఏమని ఉంచాలని కమిటీలో ఒక గంట తేలకపోతే, నేనే అన్నాను, ప్లాంటువాళ్ల పద్ధతే ఉంది కదా, డిపెండెంట్ అని రాద్దాం అని. మర్యాదగా ఉంటుంది అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఈ పుస్తకంలో నూట పన్నెండో పేజీ, నా అక్షరాలు, నీలం ఇంకు. ఇంతవరకు ఎవరు అడిగినా చెప్పగలను, మంచి ఉద్దేశంతో రాశాను, కాలం మారింది, మాట మారింది, ఇలాంటివి చెప్పడం కష్టం కాదు. నూట పన్నెండో పేజీ కోసమైతే ఈ పుస్తకాన్ని దుప్పటి ముక్కలో చుట్టక్కర్లేదు.

నూట పద్దెనిమిది. అక్కడికి వెళ్లకుండా ఉండటానికే పొద్దుటినుంచి బూట్లూ, గోనెపట్టాలూ, టీ. సంఘం పుట్టినరోజున పేర్ల పిలుపు ఉంటుంది మాకు, ప్లాంటులో హాజరు పిలిచినట్టు, వేదిక మీంచి కార్యదర్శి ఒక్కొక్క ఇంట్లోని సభ్యుడి పేరు పిలిస్తే, ఉన్నాం అని పలకాలి. డ్యూటీలో ఉంటే భార్య లేచి డ్యూటీలో ఉన్నారు అంటుంది, నైటు చేసి పడుకున్నారు అంటే హాలంతా నవ్వుతుంది, ఎంత బాగుండేదో ఆ నవ్వు, మూడువందల ఇళ్లు, ఎక్కడెక్కడివాళ్లమో ఒకే రాత్రి కొలిమి దగ్గర మేలుకున్నట్టు. ఆ ఏడు పిలిచింది నేను. 'కీర్తిశేషులు లక్ష్మీప్రసాద్ గారి డిపెండెంట్' అన్నాను. పలకలేదు. మళ్లీ అన్నాను. అతని భార్య రజని మూడో వరుసలో ఉంది. గోధుమరంగు చీర, చేతులు ఒళ్లో. నన్నే చూస్తోంది. రజనీ అని పిలిస్తే సరిపోయేది, రెండేళ్లు పక్కింట్లో ఉన్న మనిషి, అన్నయ్యా అని పిలిచే మనిషి, మా ఇంట్లో పెరుగు లేకపోతే గిన్నె పట్టుకుని వెళ్లే ఇల్లు. నోటిదాకా వచ్చింది. కానీ చేతిలో పుస్తకంలో ఉన్న మాట వేరు. హాలంతా ఎదురుచూస్తోంది, కలం తీసి ఆ గడిలో గైర్హాజరు అని రాసి తరవాతి పేరు పిలిచాను. ఎదురుగా కూర్చున్న మనిషి కళ్లలోకి చూస్తూ రాశాను. నెల తిరక్కుండా ఆవిడ జాముల్ వెళ్లిపోయింది, అక్కడ సిమెంటు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పని దొరికిందన్నారు. దూరం కదా, అందుకే సంఘానికి రావట్లేదు అని అడిగినవాళ్లకి చెప్పాను. ఆటోలో వెళితే ఎంతసేపని జాముల్, అరగంట.

"ఏటి, టీ సల్లారిపోయింది," అంది వదిన.

కప్పు కింద పెట్టాను. పుస్తకం గుడ్డ మీద గుండ్రంగా తడి మరక పడింది. తుడిచాను. "వదినా, ఈ మాట కుర్రాళ్లది కాదు. నేను రాశాను."

"ఎరికే."

ఆవిడ నా వైపు తిరగలేదు. టీలో మిగిలిన చుక్క గుటకేసింది.

"ఎలా తెలుసు?"

"రజని సెప్పింది. జాముల్ ఎల్లిపోయే ముందు మా ఇంటికాడ కూకున్నాది. అన్నయ్య మంచికే రాసుంటాడప్పా, కానీ ఆ పిలుపుకి నాకు నోరు రాలేదు, అన్నాది."

"ముప్పై ఏళ్లు తెలిసి కూడా నన్ను అడగలేదే!"

"నువ్వే సెప్తావేమోనని సూసేను. నువ్వు సెప్పవు. నాకూ పన్లుంటాయి గదా."

"మరి ఇవాళ నన్ను నమ్ముకుని ఎందుకొచ్చావు?"

"నువ్వు నన్ను తెచ్చేవనుకుంటన్నావేటి? నాను రమ్మనకపోతే నువ్వొస్తావా?"

నవ్వాలనిపించింది, డెబ్భై ఆరులో నోరు మూసుకుని నవ్వినట్టు, ఇక్కడితో ఆపేస్తే బాగుండును, ఆవిడకి అంతా తెలుసు, ఆవిడ క్షమించేసింది, లోపలికి వెళ్లి నూట పన్నెండో పేజీ చూపిస్తే పని అయిపోతుంది. పుస్తకం గుడ్డ విప్పుతున్నాను, చేతులు వాటంతటవే ఇంకొన్ని పేజీలు తిప్పాయి. "రజని ఆ రోజు హాల్లోనే ఉంది వదినా. మూడో వరుసలో. నేను చూశాను. చూసి గైర్హాజరు అని రాశాను."

ఈసారి తిరిగింది. పొరలు తీయించుకున్న కళ్లు, తేటగా ఉన్నాయి. "సూసేవా?"

"చూశాను."

"అదెరగను," అంది.

లోపల ఎవరో టెంట్‌వాడితో ఫోన్లో హిందీలో బేరమాడుతున్నారు, గోడమీద ఫ్యాను ఒక చివరికి వెళ్లి అక్కడ టక్కుమని ఆగి వెనక్కి తిరుగుతోంది, ఆ టక్కు పదిసార్లు విన్నాను, లెక్కపెట్టలేదు కానీ పది ఉంటాయి. వదిన ముఖంలోకి చూడటానికి భయమేసింది. యాభై ఏళ్లుగా ఆ ముఖం నన్ను ఆ లైను రాసినవాడిగా చూసింది. అన్నం పెట్టినప్పుడు, అన్న పోయినరోజున నా భుజం పట్టుకున్నప్పుడు, ఆ చూపులో అది ఉండేది, లేకుండా ఎలా ఉంటుందో నాకు తెలియదు.

ఆవిడ కర్ర ఆనించి లేచింది. రొంటినున్న కాగితం తీసి నా పుస్తకంలో, ఆ పేజీ దగ్గరే పెట్టింది. "నాతో సెప్పడానికేటుంది? లోపల సెప్పు. ముందు ఆ పిల్ల పేరు రాయించు. తర్వాత నాది." ఆగి, "ఆదోరం నాడు దాన్ని పేరెట్టి పిలవాల. జాముల్ ఎల్లి నువ్వే తోలుకురా. తిడితే పడు," అంది.

కమిటీ గది గుమ్మం ముందు కుర్రాళ్ల బూట్లు, రంగురంగుల బూట్లు, లోపలికి పోతూ విడిచినవి, అన్నీ ముక్కులు తలుపువైపు. వదిన వాటిముందు నిలబడి చూసింది. ఆ బూట్లకి ఈ సంగతి తెలియదు, ఆ కుర్రాళ్లు పుట్టకముందే పోయిన పద్ధతి అది. కర్ర కొసతో ఒక బూటుని తోసింది. అది పక్కకి దొర్లింది. మళ్లీ తోసి, సరిచేసి, వీధివైపు తిప్పింది. తరవాత రెండోది. నేను వంగి సాయం చెయ్యబోతే కర్ర అడ్డం పెట్టింది. ఏడు జతలు, ఒక్కొక్కటీ, నడుం పట్టుకుని, నిదానంగా, అన్నీ వీధికి తిరిగేదాకా.

"ఊఁ," అంది.

నేను పుస్తకం నూట పద్దెనిమిది దగ్గర వేలు పెట్టి పట్టుకుని, తలుపు తట్టకుండా, క్యాంప్ 1 వీధి చివరినుంచి పిలిచినంత గట్టిగా, చక్రీ అని పిలిచాను.